అరవై నాలుగు గడుల అప్పు

18446744073709551615.

బెదిరిపోకండి. ఇది ఫోన్ నంబరూ కాదు, లాటరీ టికెట్టూ కాదు. ఇరవై అంకెల ఈ సంఖ్యను ఎన్నో వందల ఏళ్ల కిందటే మన తెలుగు కవి ఒకాయన చక్కగా పద్యంలో బిగించాడు. ఇవాళ మన ఇళ్లలోని కంప్యూటర్లకూ దీంతో పని ఉంది. అన్నిటికీ మించి, కరవు సీమలో అప్పు నోటు తిరగరాసిన ప్రతి ఇంటికీ ఈ సంఖ్య దగ్గరి చుట్టమే. ఎలాగో చూద్దాం రండి.

ముందు దీన్ని నోరారా చదువుదాం. కుడివైపు నుంచి ఏడేసి అంకెలు విడదీస్తే సులువు. ఒక లక్షా 84 వేల 467 కోటి కోట్ల, 44 లక్షల 7 వేల 370 కోట్ల, 95 లక్షల 51 వేల 615. ఊపిరి తీసుకోవచ్చు!

రాజుగారి నవ్వు

కథ చాలామందికి తెలిసిందే. చదరంగం కనిపెట్టిన పండితుణ్ని చూసి రాజు మురిసిపోయాడు. ఏం కావాలో కోరుకోమన్నాడు. అరబ్బుల గ్రంథాల్లో ఆ పండితుడి పేరు సిస్సా. ‘పెద్దగా ఏమీ వద్దు మహారాజా! మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... ఇలా అరవై నాలుగు గడులకూ రెట్టింపు చేసుకుంటూ ఇప్పించండి చాలు’ అన్నాడాయన. ఇంతేనా అని రాజు నవ్వాడు.

కథలో గోధుమలంటారు, కొందరు బియ్యమంటారు. మన లెక్కకు మన శెనక్కాయ విత్తనాలే పెడదాం. వంద గింజలు తూస్తే 40 గ్రాములు అనుకుందాం.

మొదటి వరుసలో ఎనిమిదో గడికి వచ్చేసరికి 128 గింజలు. పిల్లాడి గుప్పిట్లో పట్టేంత. పదో గడిలో 512. పావు కిలో కూడా కాదు. రాజు ఇంకా నవ్వుతూనే ఉంటాడు. పంతొమ్మిదో గడిలో 2 లక్షల 62 వేల 144 గింజలు. ఇక్కడ క్వింటా దాటింది. అయినా రాజుకు క్వింటా విత్తనాలు ఓ లెక్కా? సగం పలక, అంటే 32 గడులు నిండేసరికి మొత్తం 429 కోట్ల 49 లక్షల 67 వేల 295 గింజలు. తూకం వేస్తే 1,718 టన్నులు. పది టన్నుల లారీలు 172 కావాలి. మండీ యార్డులో ఓ రోజు హడావుడి. అంతే! ఖజానాకు నొప్పి తగలదు.

అసలు కథ మిగతా సగంలో ఉంది. రెండో సగంలో పట్టే గింజలు మొదటి సగానికి రెండింతలో, పదింతలో కాదు. 429 కోట్ల రెట్లు! అక్కడ రాజు నవ్వు ఆగిపోతుంది.

ఇందులో ఒక చిన్న కిటుకు ఉంది. ఏ గడినైనా తీసుకోండి. అందులోని గింజలు దాని ముందున్న గడులన్నిటి మొత్తం కంటే సరిగ్గా ఒక్కటి ఎక్కువ. నాలుగో గడిలో 8. ముందున్నవి 1, 2, 4. మొత్తం 7. అయిదో గడిలో 16. ముందున్నవన్నీ కలిపితే 15. ఇలా చివరిదాకా. అంటే ఒక్క అడుగు ముందుకేస్తే చాలు, అప్పటిదాకా నడిచిన దూరమంతా మళ్లీ నడిచినట్టే. ఈ మాట గుర్తుపెట్టుకోండి. కాసేపట్లో దీంతో పని పడుతుంది.

గుట్ట ఎంత? వాన ఎంత?

అరవై నాలుగు గడులూ నిండితే వచ్చేదే మనం మొదట రాసుకున్న ఇరవై అంకెల సంఖ్య. శెనక్కాయ విత్తనాల్లో చెప్పాలంటే సుమారు 7 లక్షల 38 వేల కోట్ల టన్నులు. దేశమంతా ఏటా కోటి టన్నుల కాయ పండి, అందులో నూటికి డెబ్భై వంతులు గింజ దిగుతుందనుకున్నా, ఈ బాకీ తీరడానికి పది లక్షల ఏళ్లకు పైనే పడుతుంది.

ఆ గుట్టను ఎక్కడ పోయాలి? 2022లో విడిపోక ముందున్న అనంతపురం జిల్లా విస్తీర్ణం 19,130 చదరపు కిలోమీటర్లు. గుత్తి నుంచి హిందూపురం దాకా, రాయదుర్గం నుంచి కదిరి దాకా అంతా చదును చేసి, ఈ గింజల్ని పరిచామనుకోండి. ఘనపు మీటరుకు 650 కిలోలు పడతాయనుకుంటే జిల్లా మొత్తం మీద దాదాపు 600 మీటర్ల మందాన గింజలు నిలుస్తాయి. రెండు వందల అంతస్తుల మేడంత! మోడం వైపు చూసి చూసి విత్తనం వేసే నేలకు ఇది కలలో కూడా రాని పంట.

ఇప్పుడు వాన సంగతి. ఉమ్మడి జిల్లాలో ఏడాది సగటు వాన సుమారు 553 మిల్లీమీటర్లు. దేశంలో మరీ తక్కువ వాన పడే జిల్లాల్లో మనది ఒకటని చిన్నప్పటి నుంచీ వింటున్నదే. పడమటి కనుమలు నైరుతి మేఘాల్ని అడ్డుకుంటాయి. ఈశాన్యం మన దాకా వచ్చేసరికి అలసిపోతుంది. అయినా ఆ కొద్దిపాటి వాననే జిల్లా వైశాల్యంతో హెచ్చవేస్తే ఏడాదికి సుమారు 370 టీఎంసీలు! అయితే అదంతా మన చేతికి చిక్కదు. ఎర్రనేల తాగేది తాగుతుంది, ఎండ తీసుకెళ్లేది తీసుకెళ్తుంది. ఊడలు దిగే వేళ ముఖం చాటేసిన వాన, కాయ పీకి కుప్పలేసిన వేళ వచ్చి తడిపిపోతుంది.

సరే, ఆ వాననే చుక్కల్లో లెక్కిద్దాం. మందు సీసాలో వేసే డ్రాపరుతో అయితే మిల్లీలీటరుకు ఇరవై చుక్కలు. ఆ లెక్కన జిల్లా మొత్తం మీద ఏడాదికి పడే చుక్కలు సుమారు 2,100 కోటి కోట్లు. మన చదరంగం సంఖ్యను దీంతో భాగిస్తే వచ్చేది 87.

అంటే ఏమిటి? మీ ఊళ్లో 87 ఏళ్ల అవ్వ ఎవరైనా ఉంటే, ఆమె పుట్టిన రోజు నుంచి ఇవాళ్టి దాకా ఉమ్మడి జిల్లాలో ఏ మూల పడిన వానైనా సరే, ప్రతి చుక్కకూ ఒక్కో గింజ చొప్పున పక్కన పెడుతూ వస్తే చదరంగం పలక నిండుతుంది. అవ్వ బతుకంతా చూసిన వానలూ, ఆ అరవై నాలుగు గడులూ సమానం! తమాషా ఏమిటంటే మన సంఖ్యలోని ఇరవై అంకెల్నీ కూడితే వచ్చేది కూడా 87. ఇది ఉత్త కాకతాళీయమే అనుకోండి. అయినా ముచ్చటగా ఉంది కదా!

పద్యంలో దాచిన ఇరవై అంకెలు

ఇంత పెద్ద సంఖ్యను గుర్తుపెట్టుకోవడం ఎలా? మన పూర్వికులకు దానికో ఉపాయం ఉండేది. అంకెలకు బదులు మాటలు వాడేవారు. చంద్రుడు ఒక్కడే కాబట్టి శశి అంటే 1. అగ్నులు 3, వేదాలు 4, మన్మథుడి బాణాలు 5, గిరులు 7, దిగ్గజాలు 8. ఆకాశం శూన్యం కాబట్టి గగనం అంటే 0. దీన్నే భూతసంఖ్యా పద్ధతి అంటారు. చదివేటప్పుడు అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి.

పావులూరి మల్లన పేరు మీద ప్రసిద్ధమైన ఒక తెలుగు పద్యంలో చదరంగం గింజల మొత్తం సరిగ్గా ఇలాగే ఉంది. పద్యం ‘శర’ అనే మాటతో మొదలవుతుంది. శరం అంటే బాణం, 5. తర్వాత శశి, 1. ఇలా నడిచి నడిచి చివర్లో కుంజరం దగ్గర 8, చల్లని కిరణాల చంద్రుడి దగ్గర 1 వచ్చి ఆగుతుంది. తిరగేసి రాసుకుంటే 18తో మొదలై 15తో ముగుస్తుంది. ఇరవై అంకెల్లో ఒక్కటీ తప్పు లేదు. ఇటు పద్యానికి గణాలు కుదరాలి, యతిప్రాసలు కుదరాలి. అటు ఇరవై అంకెలూ వరుస తప్పకూడదు. ఏది తప్పినా పద్యం పద్యం కాదు, లెక్క లెక్క కాదు!

మల్లన పదకొండో శతాబ్దం వాడని సాహిత్య చరిత్రల్లో సాధారణంగా చెబుతారు. కాలం విషయంలో పండితుల మధ్య వాదాలూ ఉన్నాయి. రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో, తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన ‘గణితసారసంగ్రహం’ ఆధారంగా ఆయన తెలుగులో గణిత గ్రంథం రాశాడు. తెలుగులో వచ్చిన తొలి శాస్త్ర గ్రంథాల్లో అది ఒకటి. ఇక్కడో సంగతి చెప్పుకోవాలి. మహావీరాచార్యుడి పుస్తకంలో అసలు, వడ్డీ, గడువుల లెక్కలు బోలెడున్నాయి. అప్పటికే వడ్డీ లెక్క తెలియకపోతే బతుకు గడవదన్నమాట.

పదకొండో శతాబ్దం మొదట్లో అల్ బెరూనీ కూడా ఇదే లెక్క చేశాడు. వర్గాలు చేసుకుంటూ పోతే దారి చాలా దగ్గర. 2 వర్గం 4, 4 వర్గం 16, 16 వర్గం 256, 256 వర్గం 65,536. ఇంకోసారి వర్గం చేస్తే 429 కోట్లు దాటుతుంది. ఆరోసారి చేస్తే మన సంఖ్య కంటే ఒకటి ఎక్కువ వస్తుంది. ఆ ఒకటి తీసేస్తే సరి! అరవై నాలుగు గడుల ప్రయాణం ఆరంటే ఆరు అడుగుల్లో పూర్తి.

విప్పి చూస్తే...

హైస్కూలు పిల్లలున్న ఇళ్లకు ఈ ముక్క. ‘ఎ స్క్వేర్ మైనస్ బి స్క్వేర్’ సూత్రం గుర్తుందిగా? దాన్ని మళ్లీ మళ్లీ వాడితే ఈ కొండంత సంఖ్య ముక్కలై చేతికొస్తుంది. 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297. ఈ ఆరింటినీ హెచ్చవేస్తే మన సంఖ్యే.

వీటిలో మొదటి అయిదూ ప్రధాన సంఖ్యలు. అంటే ఒకటితోనూ, తమతోనూ తప్ప మరి దేనితోనూ భాగింపబడనివి. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా ఆరోది కూడా అలాంటిదే అయి ఉంటుందని నమ్మాడు. ఆయనంతటి వాడు చెప్పాక కాదనేదెవరు? 1732లో ఆయిలర్ కాదని చూపించాడు. అది 641తో నిశ్శేషంగా తెగుతుంది. 641ని 67,00,417తో హెచ్చవేసి చూడండి. కాగితం, పెన్సిలు చాలు.

కాబట్టి సిస్సా తన గుట్టను ముగ్గురు కొడుకులకు పంచితే తగువు రాదు. అయిదుగురికైనా, పదిహేడు మందికైనా రాదు. ఇద్దరికి పంచితే మాత్రం ఒక గింజ మిగిలి పేచీ వస్తుంది! మొత్తం మీద ఈ సంఖ్యను నిశ్శేషంగా భాగించే సంఖ్యలు 128 ఉన్నాయి. 128 ఎక్కడో విన్నట్టుంది కదూ? మన ఎనిమిదో గడిలోని గింజలు.

కంప్యూటరు సంగతీ ఇంతే. దానికి తెలిసినవి రెండే అంకెలు, 0, 1. అరవై నాలుగు బిట్ల చోటులో అన్నీ 1లు నింపితే వచ్చే అతి పెద్ద సంఖ్య ఇదే. 2014లో ‘గంగ్నమ్ స్టైల్’ పాటను చూసినవారి లెక్క 214 కోట్లు దాటుతుండగా యూట్యూబ్ తన లెక్కపెట్టే గదిని 32 బిట్ల నుంచి 64కు పెంచాల్సి వచ్చింది. చదరంగం భాషలో చెప్పాలంటే సగం పలక చాలక నిండు పలక తెచ్చుకుంది.

నోటు మీద చదరంగం

ఇక రాజుల్నీ, కంప్యూటర్లనీ వదిలి మన ఊరి అరుగు మీదికి వద్దాం.

‘నూటికి మూడు’ అంటే మన దగ్గర చిన్నపిల్లాడికీ అర్థమవుతుంది. వంద రూపాయలకు నెలకు మూడు రూపాయల వడ్డీ. వినడానికి ఎంత చిన్నగా ఉంది! మూడు రూపాయలకు టీ కూడా రాదు. కానీ ప్రోనోటుకు చట్టప్రకారం గడువు మూడేళ్లు. గడువు తీరకముందే పాత నోటు చించేసి, అప్పటిదాకా అయిన వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయించుకోవడం ఆనవాయితీ. అదే తిరగరాయడం. మూడేళ్లంటే 36 నెలలు. నెలకు మూడు చొప్పున 108 రూపాయలు. వందకు నూట ఎనిమిది! అంటే నోటు తిరగరాసిన ప్రతిసారీ బాకీ రెట్టింపు దాటుతుంది. తిరగరాత ఒక్కోటీ చదరంగం పలక మీద ఒక్కో గడి.

యాభై వేలతో మొదలుపెడదాం. బోరు కోసమో, విత్తనం కోసమో, ఆడపిల్ల పెళ్లికోసమో తెచ్చిన అప్పు. మూడేళ్లకు లక్షా 4 వేలు. ఆరేళ్లకు 2 లక్షల 16 వేల 320. తొమ్మిదేళ్లకు దాదాపు నాలుగున్నర లక్షలు. పన్నెండేళ్లకు 9 లక్షల 35 వేల 887. మధ్యలో కొత్తగా ఒక్క రూపాయి తెచ్చుకున్నది లేదు. చివరి మూడేళ్లలో పడిన వడ్డీ ఒక్కటే 4 లక్షల 85 వేలు దాటింది. అప్పటికి తొమ్మిదేళ్లుగా పేరుకున్న మొత్తం బాకీ కంటే ఎక్కువ! ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇదే. ఒక్క అడుగు ముందుకేస్తే, నడిచిన దూరమంతా మళ్లీ నడిచినట్టే.

మరి పంట? మంచి ఏడు వస్తే ఎకరాకు నాలుగు బస్తాలు ఎక్కువ పండుతాయి. ధర బాగుంటే చేతిలో నాలుగు డబ్బులు మిగులుతాయి. వచ్చే ఏడు వాన మళ్లీ మొండిచేయి చూపిస్తే ఆ మిగులు కాస్తా తరుగు. పంట పెరిగేది కూడికతో, అప్పు పెరిగేది హెచ్చవేతతో. కూడిక ఎంత పరుగెత్తినా హెచ్చవేతను అందుకోలేదు. 1990ల చివరి నుంచి అనంతపురం పేరు రైతుల ఆత్మహత్యల వార్తల్లో పదే పదే వినిపించడానికి వాన లేకపోవడం ఒక్కటే కారణం కాదు. వాన లేని ఏడు పొలం ఆగిపోతుంది, వడ్డీ ఆగదు.

మొదటి నోటు నాడు భయం వేయకపోవడానికి కారణమూ పలకలోనే ఉంది. మొదటి గడుల్లో ఎప్పుడూ గుప్పెడు గింజలే. రాజంతటి వాడే నవ్వాడు, మామూలు మనిషికి తడుతుందా?

రెండో గడి దగ్గర ఆపేశారు!

ఈ ప్రమాదాన్ని పెద్దలు ఏనాడో పసిగట్టారు. డబ్బు అప్పుకు ఒక్కసారిగా వసూలు చేసేది అసలుకు రెట్టింపు మించకూడదని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. ‘దామ్ దుపట్’ పేరుతో ఈ సూత్రం కొన్ని ప్రాంతాల్లో బ్రిటిష్ కాలపు కోర్టుల్లోనూ నడిచింది. చదరంగం భాషలో చెప్పాలంటే రెండో గడి దగ్గర గీత గీశారు. అయితే అదే అధ్యాయంలో వడ్డీని వర్ణాన్ని బట్టి నూటికి రెండు, మూడు, నాలుగు, అయిదు అని పెట్టారు. అట్టడుగువాడి మీదే ఎక్కువ వడ్డీ. ఆ అన్యాయమూ చెప్పుకోవాల్సిందే. ఇవాళ్టికీ చూడండి, తాకట్టుకు ఏమీ లేనివాడి దగ్గరే వడ్డీ ఎక్కువ.

1938లో రాజాజీ ప్రభుత్వం మద్రాసు రాష్ట్రంలో వ్యవసాయదారుల కోసం రుణ ఉపశమన చట్టం తెచ్చింది. అప్పటికి అనంతపురం మద్రాసు రాష్ట్రంలోనిదే. రైతు తన పాత అప్పు కింద అసలుగానో, వడ్డీగానో మొత్తం అసలుకు రెట్టింపు చెల్లించి ఉంటే ఆ బాకీ పూర్తిగా తీరినట్టేనని అందులో రాశారు. మళ్లీ అదే రెండో గడి!

ఇవాళ బ్యాంకు పంట రుణం మూడు లక్షల దాకా 7 శాతానికి దొరుకుతుంది. గడువులోపల కడితే మరో 3 శాతం తగ్గుతుంది. 7 శాతమే కట్టినా యాభై వేలకు మూడేళ్లలో అయ్యే సాదా వడ్డీ 10,500. నూటికి మూడు చొప్పున అయ్యేది 54 వేలు. తేడా చూశారుగా! అయితే సొంత పట్టా లేని కౌలురైతుకు బ్యాంకు గడప దాటడం ఇప్పటికీ అంత తేలిక కాదు. ఆయన కాళ్లు అరుగు వైపే నడుస్తాయి. చదరంగం పలక పరిచి ఉండేది అక్కడే.

ఇంటిల్లిపాదికీ ఓ చిట్కా

డబ్బు ఎన్నేళ్లలో రెట్టింపవుతుందో తెలియాలంటే 72ను ఏడాది వడ్డీ శాతంతో భాగించండి. నూటికి రూపాయి అంటే ఏడాదికి 12 శాతం, ఆరేళ్లు. నూటికి రెండు అయితే మూడేళ్లు. మూడు అయితే రెండేళ్లు. బ్యాంకు డిపాజిట్టు 7 శాతం అయితే దాదాపు పదేళ్లు. వడ్డీ ఎప్పటికప్పుడు అసలులో కలుస్తుంటేనే ఈ లెక్క. అప్పు చేసేటప్పుడూ, దాచుకునేటప్పుడూ ఒకటే సూత్రం. నెలకెంత అని కాదు, ఎన్నేళ్లకు రెట్టింపు అని అడగండి. నోటు మీద వేలిముద్ర వేసే తాతయ్యకైనా, సంతకం పెట్టే కొడుకుకైనా ఇంట్లో బడికెళ్లే పిల్లే ఈ లెక్క చెప్పగలదు.

ఈ వారం పిల్లలకు

1. వంద గింజలు 40 గ్రాములైతే, 50 కిలోల బస్తా మొదటిసారి నిండేది ఎన్నో గడిలో?

2. మొత్తం గుట్టను ఏడుగురికి సమానంగా పంచితే ఎన్ని గింజలు మిగులుతాయి? గింజలన్నీ లెక్కపెట్టక్కర్లేదు. 8ని 7తో భాగిస్తే ఎంత మిగులుతుందో చూడండి, దారి దొరుకుతుంది.

జవాబులు వచ్చే ఆదివారం.